గొడ్డు జబ్బుతో పోతే: పరిహారం కాగితాలు, పూడ్చే గొయ్యి ఒకే రోజు ఎలా పూర్తిచేయాలి

తొలకరి పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఒకరోజు చీపురుపల్లి వైపు నుంచి, ఇంకోరోజు టెక్కలి వైపు నుంచి. అడిగేది ఒకటే. "గేదె పోయింది బావూ, డబ్బులేటైనా వస్తాయా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "గేదె ఇప్పుడెక్కడుంది?" సగం మంది జవాబు వినగానే నాకు నీరసం వచ్చేస్తుంది. "నిన్న రాత్రే గెడ్డలో వదిలేశాం."

గెడ్డలో వదిలేస్తే డబ్బూ దానితోనే పోయినట్టు. డాక్టరు చూడని పశువుకు పోస్టుమార్టం రిపోర్టు ఉండదు, రిపోర్టు లేని ఫైలు కదలదు. ఆ నీళ్లే కింద ఊరి గొడ్లు తాగుతాయి, పిల్లలు అందులోనే మునుగుతారు, చివరికది నాగావళికో వంశధారకో చంపావతికో చేరుతుంది. అంటురోగంతో చచ్చిన పశువును నీళ్లలో పడేయడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. కాగితాల పని వేరు, పూడ్చే పని వేరు అనుకోకండి. పశువు చనిపోయిన రోజు వెలుగుండగానే రెండూ జరగాలి, ఒకదాని వెనక ఒకటి. ఎలాగో కింద రాస్తున్నాను.

ముందు మీ డబ్బు ఏ దారిలో వస్తుందో తేల్చుకోండి

కొన్నేళ్ల కిందట బీమా కట్టకపోయినా పశువు చనిపోతే ప్రభుత్వమే పరిహారం ఇచ్చే పథకం మన ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది. చాలామంది ఇప్పటికీ అదే ఉందనుకుంటున్నారు. తర్వాత అది బీమా పద్ధతిలోకి మారింది. అంటే పశువు బతికుండగా మీ వాటా ప్రీమియం కట్టి ఉంటేనే జబ్బు చావుకు డబ్బు వస్తుంది. జాతీయ పశుసంవర్ధక మిషన్‌లో 2024 ఫిబ్రవరి మార్పుల తర్వాత రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. గొర్రెలు, మేకలకు పరిమితి పది పెద్ద పశువుల లెక్క, పది గొర్రెలను ఒక పెద్ద పశువు కింద లెక్కేస్తారు కాబట్టి మంద ఉన్నవాళ్లు వంద గొర్రెలు, మేకల దాకా ఈ రాయితీలో బీమా చేయించుకోవచ్చు.

తుఫాను, వరద లాంటి విపత్తుల్లో పోయిన పశువుల దారి వేరు. అది తహసీల్దారు కార్యాలయం ద్వారా నడుస్తుంది. 2022లో సవరించి 2025-26 వరకు పెట్టిన కేంద్ర నిబంధనల్లో పాడి గేదెకు, ఆవుకు 37,500, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు. పెద్ద పాడి పశువులైతే ఒక కుటుంబానికి మూడింటి వరకే. 2018లో తిత్లీ తుఫానుకు పశువులు పోయిన పలాస, మందస వైపు వాళ్లకు ఈ దారి తెలుసు. జబ్బుతో పోయిన పశువును తుఫాను లెక్కలో రాయించమని ఎవరైనా చెబితే వినకండి. పోస్టుమార్టంలో బయటపడుతుంది, నిజంగా నష్టపోయిన పక్కింటివాడి ఫైలు మీద కూడా అనుమానం పడుతుంది.

మూడో దారి, రోగం వ్యాపించకుండా అధికారులే చంపించిన వాటికిచ్చే పరిహారం. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లకు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చినప్పుడు పందులకు ఇలా ఇస్తారు. వాటంతటవి చచ్చిన కోళ్లకు ఇది వర్తించదు. అందుకే చావులు మొదలైన మొదటి రోజే చెప్పాలి. దాచిపెట్టి, అంతా పోయాక చెబితే చేతికి ఏమీ రాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కాగితాలకు: బీమా పాలసీ లేదా కట్టిన రసీదు, మీ ఆధార్, బ్యాంకు పాస్ పుస్తకం, పశువుకు వైద్యం చేయించిన చీటీలు, టీకాల కార్డు ఉంటే అది. బ్యాంకు అప్పుతో కొన్న పశువైతే పాలసీ బ్యాంకులోనే ఉంటుంది కాబట్టి ఆ బ్రాంచి నంబరు కూడా.

గొయ్యికి: గునపాలు, పారలు లేదా జేసీబీ, రెండు మూడు బస్తాల సున్నం, ఎండుగడ్డి, తుమ్మ కంప, చేతులకు రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ, కాళ్లకు బూట్లు. బూట్లు లేకపోతే మోకాలి దాకా మందపాటి ప్లాస్టిక్ సంచులు కట్టుకోండి, పని అయ్యాక కాల్చకుండా లోతుగా పూడ్చేయండి. ఇంట్లో బట్టలసోడా, బ్లీచింగ్ పౌడరు ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, చెవి పోగు. పసుపు రంగు ట్యాగు, దాని మీద 12 అంకెలు. అదే మీ పశువుకు ఆధార్. ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదనే అనుకోండి.

ఇక పని

1. పశువు బతికుండగానే వేరుచేయండి, చెప్పండి. మేత మానేసింది, ఒళ్లు కాలుతోంది, గురక పెడుతోంది, మూతినిండా చొంగ, ఒంటిమీద బొడిపెలు. వీటిలో ఏది కనిపించినా ఆ పశువును సాలలోంచి బయటికి తెచ్చి విడిగా కట్టండి. నీళ్ల తొట్టి వేరు, మేత వేరు. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి లేదా 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇది మంచి అలవాటే కాదు, చట్టం పెట్టిన బాధ్యత కూడా. జబ్బు వచ్చినప్పుడే డాక్టరు చూసి రాసిన చీటీ ఉంటే తర్వాత క్లెయిమ్‌లో ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇక్కడే మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. జబ్బు చేసిందని తెలియగానే "పోయేలోపు అమ్మేద్దాం" అని నారాయణవలస సంతకో అలమండ సంతకో తోలేస్తారు. ఒక్క గాలికుంటు గొడ్డు సంతలో సగం రోజు నిలబడితే చాలు, ఎన్ని మండలాలకు పోతుందో లెక్కపెట్టలేం. కొన్నవాడు కూడా మనలాంటి రైతే. దయచేసి ఆ పని చేయకండి.

2. చనిపోయిన వెంటనే ఫోన్లు చేయండి. ముందు పశువైద్యుడికి, ఆ వెంటనే బీమా కంపెనీ నంబరుకు, అప్పు ఉంటే బ్యాంకుకు. 24 గంటల్లోపు తెలియజేయాలనే షరతు పాలసీల్లో మామూలుగా ఉంటుంది. ఫోన్‌తో పాటు ఒక మెసేజ్ కూడా పంపండి, తేదీ, సమయం రుజువుగా ఉంటాయి. రాత్రి చనిపోతే తెల్లారేదాకా ఆగకుండా మెసేజ్ అప్పుడే పెట్టేయండి. వాళ్లు ఫిర్యాదు నంబరో క్లెయిమ్ నంబరో ఇస్తే గోడ మీద కాదు, పాస్ పుస్తకం వెనక రాసుకోండి.

3. కళేబరాన్ని ఆగమైపోనీకండి. డాక్టరు వచ్చేలోపు నీడలో ఉంచండి, తడి గోనెపట్టాలు కప్పండి. కుక్కలు రాకుండా ఒక మనిషి కాపలా ఉండాలి. మన సముద్రపు గాలి, ఉక్కపోతలో నాలుగైదు గంటలకే పొట్ట ఉబ్బిపోతుంది, ఆలస్యమైతే పోస్టుమార్టంలో జబ్బు తేలదు. ఉబ్బుతోందని పొట్ట పొడవకండి. తోలు ఒలవనీయకండి. మాంసం పంచుకోవడం అసలే వద్దు.

ముక్కులోంచి, నోట్లోంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, ఒళ్లు బిగుసుకోకుండా మెత్తగానే ఉంటే ఆ పశువు దగ్గరికి ఎవరినీ రానీకండి. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని కోయకూడదు, డాక్టరు కూడా కోయరు. చెవి నుంచో కాలి నుంచో రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపుతారు. కోస్తే ఆ క్రిములు గాలి తగిలి గట్టి బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, తర్వాతెప్పుడో అక్కడ మేసిన మేకకు అంటుకుంటాయి. మన పక్కనే ఉన్న అరకు ఏజెన్సీలో చచ్చిన పశువు మాంసం తిని, కోసి, మనుషులకే ఇది సోకిన ఘటనలున్నాయి.

4. ఫోటోలు తీయండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. మా గేదె పోయిన రోజు ఏడుపులో ఉండి ట్యాగు ఫోటో ఒక్కటే తీశాను. చెవి మీద పేడ ఎండి ఉంది. ఫోటోలో ఒక అంకె 1లా ఉందా 7లా ఉందా తెలియలేదు. ఆ ఒక్క అంకె కోసం ఫైలు వెనక్కొచ్చింది, నాలుగు నెలలు తిరిగాను. చివరికి పూడ్చేముందు డాక్టరు కోసి నా చేతిలో పెట్టిన ట్యాగే కాపాడింది. మా అమ్మ దాన్ని కడిగి పసుపు డబ్బాలో దాచింది.

కాబట్టి, ముందు తొడుగు వేసుకుని తడిగుడ్డతో చెవి తుడవండి. 12 అంకెలూ ఒకే ఫోటోలో చదవగలిగేలా దగ్గరగా ఒకటి, ట్యాగుతో కలిపి తల మొత్తం ఒకటి, పశువు మొత్తం రెండు వైపుల నుంచి, పక్కన మీరు నిలబడి ఒకటి. తీసిన వెంటనే ఫోటో పెద్దది చేసి అంకెలు ఒక్కొక్కటే పాలసీ మీది నంబరుతో సరిపోల్చండి. ట్యాగు మీరు కోయకండి, డాక్టరు ముందే తీయించండి. దొమ్మ అనుమానముంటే మీరు తుడవడం కూడా వద్దు, దూరం నుంచే తీయండి.

5. పోస్టుమార్టం, పంచనామా. డాక్టరు రాసే రిపోర్టులో నాలుగే నాలుగు సంగతులు మీరు అక్కడే నిలబడి చూసుకోవాలి. ట్యాగు నంబరు, పశువు వయసు, రంగు గుర్తులు, చనిపోయిన తేదీ. పాలసీలో "ఏడేళ్లు", రిపోర్టులో "పన్నెండేళ్లు" అని పడితే ఫైలు ఆగిపోతుంది. సంతకం పెట్టే ఊరివాళ్ల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. మందలో గొర్రెలు వరుసగా పోతున్నట్లయితే నమూనాలు గరివిడి పశువైద్య కళాశాలకో జిల్లా లేబొరేటరీకో పంపగలరా అని డాక్టరును అడగండి. జబ్బు పేరు తేలితే మిగతా మందకు ఏ టీకా వేయాలో తెలుస్తుంది. నా లెక్కలో అది పరిహారం కంటే విలువైనది.

6. చోటు చూడండి. బావి, బోరు, చెరువు, గెడ్డ, కాలువ, వీటన్నిటికీ నేను కనీసం వంద మీటర్లు దూరం పాటిస్తాను. గొడ్లు మేసే బంజరు మధ్యలో వద్దు. చెరువు గర్భంలో అసలు వద్దు. వేసవిలో ఎండి ఉందని అక్కడ తవ్వేవాళ్లున్నారు, వాన పడగానే అది చెరువే. సొంత మెట్ట భూమి లేకపోతే పంచాయతీ కార్యదర్శిని అడగండి, చోటు చూపించాలి.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇసుక నేలల్లో రెండు జాగ్రత్తలు. గోడలు కూలిపోతాయి కాబట్టి గొయ్యి పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఏటవాలుగా తవ్వండి, లోపలికి మనిషి దిగకూడదు. ఇసుకలోంచి నీరు తొందరగా కిందికి దిగుతుంది కాబట్టి బావులకు మరింత దూరం పోండి. వరి మడుల ఊళ్లలో వానాకాలం మూడడుగులకే ఊట వస్తుంది. ఊట కనిపిస్తే ఆ గొయ్యి వదిలేసి ఎత్తైన మెట్ట వెతకండి. అలాంటి చోటే లేకపోతే తక్కువ లోతులో పెట్టి పైన ఎత్తుగా మట్టి పోసే పద్ధతి ఉంది, డాక్టరును అడిగి చేయండి.

7. తీసుకెళ్లండి, కానీ ఈడ్చుకెళ్లొద్దు. కాళ్లకు గొలుసు కట్టి ట్రాక్టరు వెనక ఊరి మధ్యనుంచి ఈడ్చుకెళ్లడం మనకు అలవాటు. దారిపొడుగునా నోట్లోంచి, వెనక నుంచి కారేదంతా రోడ్డు మీద పడుతుంది, తెల్లారి అదే దారిన మందలు పోతాయి. ట్రాలీలో మందంగా ఎండుగడ్డి పరచి దాని మీద ఎక్కించండి. ఆ గడ్డి కూడా గొయ్యిలోకే. ట్రాలీ కడిగిన నీళ్లు కాలువలోకి పోనీకండి, గొయ్యి పక్కనే కడగండి.

8. పూడ్చండి. గేదెకు సుమారు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 నుంచి 7 అడుగుల లోతు కావాలి. చేత్తో అయితే నలుగురికి పూటంతా పడుతుంది, అందుకే డాక్టరుకు ఫోన్ చేసిన వెంటనే తవ్వకం మొదలుపెట్టించండి. అడుగున సున్నం, పశువు, మీద మళ్లీ సున్నం, ఆపైన మట్టి. పశువు పైన కనీసం మూడడుగుల మట్టి ఉండాలి, నేల మట్టానికి పైన మరో అడుగున్నర గుట్టలా పోయండి, తర్వాత అది కుంగుతుంది. దిమ్మిసతో గట్టిగా కొట్టకండి, లోపల గాలి చేరి పగుళ్లిస్తుంది. పైన తుమ్మ కంప పరచి రాళ్లు పెట్టండి. పాలిథిన్ పట్టాలో చుట్టి పూడ్చకండి, కుళ్లకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మెడ తాడు, గంట, గోనెపట్టాలు కూడా అందులోనే వేసేయండి. "ఆ గంట మా తాతల నాటిది" అంటే వేడినీళ్లలో మరిగించి ఉంచుకోండి.

దొమ్మ అయితే పూడ్చాలా కాల్చాలా, మీద ఏం చల్లాలి అన్నది డాక్టరు చెప్పినట్టే చేయండి, సొంత నిర్ణయం వద్దు.

9. సాల కడగండి. ముందు పేడ, గడ్డి ఎత్తి గొయ్యిలో వేయాలి. పేడ మీదే మందు చల్లితే పనిచేయదు. గాలికుంటు అయితే 10 లీటర్ల నీళ్లలో 400 గ్రాముల బట్టలసోడా కలిపి నేల, గాడి, గుంజలు తడిసేలా పోయండి. మిగతా వాటికి డాక్టరు చెప్పిన మందు. లంపీ చర్మరోగమైతే ఈగలు, దోమల సంగతి ముందు చూడాలి, అది కుట్టే పురుగులతో పాకుతుంది. మన దేశంలో ఆ రోగం మొదట బయటపడింది 2019లో, మన పక్క ఒడిశాలోనే. వేపాకు పొగ మంచిదే కానీ దానితో సరిపెట్టకుండా నిల్వ నీళ్లు పారబోయండి.

మీరూ సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కుని, బట్టలు విడిగా నానబెట్టండి. చనిపోయేముందు పశువు పిచ్చిగా అరిచి, చొంగ కార్చి, మింగలేక అవస్థపడి ఉంటే, నోట్లో చెయ్యి పెట్టినవాళ్లంతా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా గురించి అడగాలి. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని చెయ్యి పెట్టేది సాధారణంగా ఇంటి పెద్దే.

రాబందుల గురించి అడిగేవాళ్లకు

"వెనకటికి పారేస్తే రాబందులు గంటలో ఊడ్చేసేవి కదా" అని పెద్దవాళ్లంటారు. నిజమే. ఇప్పుడవి కనబడవు. పశువులకు నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల్లో ఉండిపోయి, తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు, 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ కూడా. మనుషుల మందుల షాపులో కొని గొడ్డుకు పొడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. నొప్పి మందు కావాలంటే డాక్టరును మెలాక్సికమ్ రాయమని అడగండి, అది రాబందులకు హాని చేయదు. రాబందులు లేని చోట కళేబరం తినేది కుక్కలే. అవే రాత్రి మన దూడల మీద పడతాయి.

ఫైలు ఎందుకు ఆగుతుందంటే

నేను చూసినంతలో కారణాలు చిన్నచిన్నవే. పాత ట్యాగు ఊడిపోతే కొత్తది వేయించి, ఆ నంబరు పాలసీలో మార్పించకపోవడం. పశువును కొన్నాక పాలసీ అమ్మినవాడి పేరు మీదే ఉండిపోవడం. బీమా కట్టిన కొద్ది రోజులకే జబ్బుతో పోవడం, మొదట్లో కొన్ని రోజులు జబ్బు చావులకు వర్తించదని పాలసీలో ఉంటుంది, అవెన్నో ముందే చదివించుకోండి. ఆధార్‌తో కలవని బ్యాంకు ఖాతా. 2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం, వంగర, సంతకవిటి వైపు వాళ్లు విజయనగరం జిల్లాలోకి వచ్చారు, పాత కాగితాల్లో శ్రీకాకుళం అనే ఉంటుంది. ఎక్కడైనా జిల్లా పేరు తేడా కనిపిస్తే ఫైలు ఇచ్చేముందే చెప్పి సరిచేయించండి.

అయిందో లేదో ఎలా చూసుకోవాలి

కాగితాలు ఇచ్చిన రోజు, ఇచ్చినవాటన్నిటి జెరాక్సు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పదిహేను రోజులకొకసారి క్లెయిమ్ నంబరు చెప్పి అడగండి. "చూస్తాం" అంటే సరిపోదు, ఏ కాగితం తక్కువైందో అడిగి రాసుకోండి. నెలన్నర దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. బీమా కంపెనీయే నాన్చుతుంటే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేస్తే డబ్బు ఆపేస్తారేమోనని భయపడకండి, అడిగిన ఫైలే ముందు కదులుతుంది.

గొయ్యిని మూడుసార్లు చూడాలి. మూడో రోజు, పదిహేనో రోజు, మొదటి పెద్ద వాన తర్వాత. కుక్కలు గీరిన గుర్తులున్నా, మట్టి కుంగినా, పగుళ్లలోంచి వాసన వస్తున్నా ఇంకో రెండు తట్టల సున్నం, మీద మట్టి. పక్కన నీళ్లు నిలుస్తుంటే చిన్న కాలువ తీసి దారి మళ్లించండి. మిగతా పశువులకు మూడు వారాలపాటు పొద్దున్నే మేత తింటున్నాయో లేదో, ఒళ్లు వేడిగా ఉందో లేదో చూస్తూ ఉండండి. పూడ్చిన చోట ఒక రాయి పాతి, దాని మీద సంవత్సరం, జబ్బు పేరు పెయింటుతో రాయించండి. రేపు అక్కడ బోరు వేయడానికో ఇల్లు కట్టడానికో వచ్చినవాళ్లు ముందు ఆ రాయి చూడాలి.